పేరులో కుటుంబం, పాటలో ఏకాంతం: స్లై అండ్ ద ఫ్యామిలీ స్టోన్ మలిదశ ఆల్బమ్‌ల పరిశీలన

వ్యాససంగ్రహం

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో కేంద్రంగా 1960ల ఉత్తరార్ధంలో వెలసిన స్లై అండ్ ద ఫ్యామిలీ స్టోన్ బృందం సోల్, ఫంక్ సంగీతాల గతిని మార్చింది. 1971 తర్వాత ఈ బృందం వెలువరించిన ఆల్బమ్‌లను విమర్శకులు సాధారణంగా ‘క్షీణత’ అనే ఒక్క మాటతో ముగిస్తారు. ఆ క్షీణతకు కారణంగా బృందనాయకుడి మాదకద్రవ్య వ్యసనాన్ని చూపుతారు. ఈ వ్యాసం ఆ తీర్పును పాటల నిర్మాణం ఆధారంగా పునఃపరిశీలిస్తుంది. గొంతు నుంచి గొంతుకు పాట చేతులు మారడం ఈ బృందం రచనావిధానానికి మూలసూత్రం. ఆ సూత్రం ఎప్పుడు సడలింది, సడలినా పాట ఎక్కడ నిలిచింది, ఎక్కడ కూలింది అనే ప్రశ్నలకు 1971–1982 మధ్య వచ్చిన ఆల్బమ్‌ల నుంచి సమాధానం వెతకడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: సోల్, ఫంక్, స్లై స్టోన్, మలిదశ రచన, క్షీణత, గళవినిమయం, ఆల్బమ్, జీవితచరిత్రాత్మక విమర్శ.

1. ఉపోద్ఘాతం

ఒక కళాకారుడి తొలి రచనలను రచనలుగా చదివి, మలి రచనలను వైద్యుడి నివేదికలుగా చదవడం విమర్శలో తరచుగా కనిపించే అలవాటు. స్లై స్టోన్ విషయంలో ఈ అలవాటు మరీ బలంగా ఉంది. 1943లో టెక్సస్ రాష్ట్రంలోని డెంటన్‌లో జన్మించి, కాలిఫోర్నియాలోని వల్లేహోలో పెరిగిన సిల్వెస్టర్ స్టూవర్ట్ తర్వాతి కాలంలో స్లై స్టోన్‌గా ప్రసిద్ధుడయ్యాడు. అతడు 2025 జూన్ 9న మరణించాడు. ఆ సందర్భంలో వచ్చిన నివాళి వ్యాసాల్లో ఎక్కువ భాగం 1967–1973 మధ్యకాలాన్ని సంగీతంగానూ, ఆ తర్వాతి దశాబ్దాలను వ్యసనగాథగానూ వర్ణించాయి. 2023లో వెలువడిన అతడి ఆత్మకథ, 2025లో క్వెస్ట్‌లవ్ దర్శకత్వంలో వచ్చిన ‘స్లై లివ్స్!’ డాక్యుమెంటరీ అతడి జీవితంపై ఆసక్తిని మళ్ళీ రేకెత్తించాయి. మలిదశ ఆల్బమ్‌లు మాత్రం ఇంకా వినికిడికి ఎడంగానే ఉండిపోయాయి.

వ్యసనం వాస్తవం. దాని ప్రభావమూ వాస్తవమే. 1970లో బృందం ఒప్పుకున్న సుమారు 80 కచేరీల్లో 26 కచేరీలకు హాజరు కాలేదన్నది సంగీతచరిత్రలో నమోదైన విషయం. అయితే అటువంటి సంవత్సరం ముగిసిన వెంటనే, అటువంటి జీవితం మధ్యనే ‘దేర్స్ ఎ రయట్ గోయిన్ ఆన్’ (1971) వచ్చింది. దానిని ఇప్పటికీ బృందం శిఖరకృతుల్లో ఒకటిగా లెక్కిస్తారు. ఒకే కారణం 1971లో ఉత్తమకృతినీ 1976లో బలహీనకృతినీ ఇచ్చిందని చెబితే, ఆ కారణం ఆ రెండింటిలో దేనినీ వివరించలేదని అర్థం. వివరణను పాటలోనే వెతకవలసి ఉంటుంది.

2. క్షీణత: ఒక మాట, మూడు అర్థాలు

తెలుగు సాహిత్యచరిత్ర చదివినవారికి ‘క్షీణయుగం’ అనే మాట కొత్త కాదు. సుమారు 1775–1875 మధ్యకాలానికి చరిత్రకారులు ఆ పేరు పెట్టారు. ప్రబంధాన్ని కొలబద్దగా తీసుకుంటే ఆ పేరు కొంత సమంజసంగా కనిపిస్తుంది. అదే కాలంలో త్యాగరాజు (1767–1847) కృతులు వెలువడ్డాయి. అదే కాలంలో బ్రౌన్ తాళపత్రాలను సేకరించి, పరిష్కరింపజేసి, నిఘంటువు నిర్మించాడు. దేనిని కొలిచి క్షీణత అంటున్నామో ముందుగా చెప్పకపోతే ఆ మాట తీర్పుగా మిగులుతుంది తప్ప పరిశీలనగా మారదని ఆ చర్చ నేర్పింది. ప్రస్తుత వ్యాసానికి అక్కడి నుంచి తీసుకునే పాఠం ఇంతవరకే.

ఫ్యామిలీ స్టోన్ విషయంలో క్షీణత అన్న మాట మూడు వేర్వేరు విషయాలను సూచిస్తున్నది. మొదటిది విపణి క్షీణత. బిల్‌బోర్డ్ ఆల్బమ్ పట్టికలో ‘రయట్’ 1వ స్థానానికి, ‘ఫ్రెష్’ 7వ స్థానానికి, ‘స్మాల్ టాక్’ 15వ స్థానానికి, ‘హై ఆన్ యూ’ 45వ స్థానానికి చేరాయి. 1976 నాటి ఆల్బమ్ ఆ పట్టికలోకే రాలేదు. రెండవది సభ్యత్వ క్షీణత, అంటే మూలబృందం విడిపోవడం. మూడవది నిర్మాణ క్షీణత, అంటే పాట కట్టుబడిలోని సూత్రం బలహీనపడటం. ఈ మూడూ ఒకే వేగంతో, ఒకే సమయంలో జరిగాయని భావించడం వల్లనే ‘1971 తర్వాత పతనం’ అనే సరళరేఖ ఏర్పడింది. వాటిని విడదీసి చూస్తే ఆ రేఖ నిలవదు.

3. పూర్వదశ: గళవినిమయ సూత్రం

మలిదశను అంచనా వేయాలంటే పూర్వదశలో ఏమున్నదో స్పష్టంగా చెప్పుకోవాలి. స్లై స్టోన్, అతడి తమ్ముడు ఫ్రెడీ (గిటార్), చెల్లెలు రోజ్ (కీబోర్డు, గానం), లారీ గ్రాహమ్ (బేస్ గిటార్), సింథియా రాబిన్సన్ (ట్రంపెట్), జెర్రీ మార్టీని (శాక్సఫోన్), గ్రెగ్ ఎరికో (డ్రమ్స్) ఈ బృందంలోని ప్రధాన సభ్యులు. నల్లజాతివారు, తెల్లజాతివారు, స్త్రీలు, పురుషులు ఒకే వేదికపై సమానస్థాయిలో వాయించడం ఆనాటి అమెరికాలో అరుదైన దృశ్యం. స్త్రీలు గాయనులుగా మాత్రమే కాక వాద్యకారిణులుగా కనిపించడం మరింత అరుదు.

ఈ సామాజిక కూర్పు పాట నిర్మాణంలోకి కూడా ప్రవేశించడం ఇక్కడ గమనించవలసిన అంశం. ‘డాన్స్ టు ద మ్యూజిక్’ (1968) పాటలో వాద్యాలు ఒక్కొక్కటిగా తమను తాము పరిచయం చేసుకుంటూ చేరతాయి. పల్లవిని ఒకరు ఎత్తుకుంటే తర్వాతి పాదాన్ని మరొకరు అందుకుంటారు. సన్నని గొంతు తర్వాత గ్రాహమ్ మంద్రస్వరం, దాని తర్వాత రాబిన్సన్ పెట్టే కేక. ఇలా పాట ఎవరి సొంతమూ కాకుండా చేతులు మారుతూ సాగుతుంది. ఈ పద్ధతిని ఈ వ్యాసంలో ‘గళవినిమయం’ అని వ్యవహరిస్తున్నాను.

దీని మూలాలు నల్లజాతి చర్చి గానంలో ఉన్నాయి. స్టూవర్ట్ కుటుంబం పెంతెకోస్తు సంప్రదాయానికి చెందినది. తోబుట్టువులు నలుగురు చిన్ననాడే ‘స్టూవర్ట్ ఫోర్’ పేరుతో భక్తిగీతాల రికార్డు ఇచ్చారు. బోధకుడి పిలుపు, సభ బదులు ఆ గానానికి ఆయువుపట్టు. మన బుర్రకథలో కథకుడికి ఇరువైపులా వంతలు ఉండటం తెలిసినవారికి ఈ పిలుపు–బదులు పద్ధతి సులభంగానే బోధపడుతుంది. అయితే బుర్రకథలో కథకుడి స్థానం స్థిరం. ఫ్యామిలీ స్టోన్ పాటలో కథకుడి స్థానమే తిరుగుతూ ఉంటుంది. నాయకుడు ఒక పాదంలో వంతగా మారతాడు. వంత పాడేవారు మరుపాదంలో నాయకులవుతారు.

‘ఎవ్రీడే పీపుల్’ 1969 ఆరంభంలో అమెరికా పట్టికలో ప్రథమస్థానం పొందింది. ఆ పాట ఆద్యంతం గ్రాహమ్ బేస్ మీద ఒకే స్వరాన్ని నిలబెట్టాడు. భిన్నమైన మనుషులు కలిసి బతకాలన్న వస్తువుకు ఆ స్థిరస్వరం నేల వంటిది. గొంతులు మారుతున్నా నేల మారదు. పాట చెప్పే మాటకూ పాట కట్టుబడికీ మధ్య ఎడం లేని స్థితి ఇది. ‘స్టాండ్!’ (1969) ఆల్బమ్ ఈ స్థితికి పరాకాష్ఠ. అదే ఏడాది ఆగస్టు 17 తెల్లవారుజామున వుడ్‌స్టాక్ వేదికపై బృందం ఇచ్చిన కచేరీ ఆ సూత్రాన్ని లక్షల సంఖ్యలోని శ్రోతల వరకు విస్తరించింది. అక్కడ బదులు పలికిన వంత మొత్తం జనసందోహమే.

4. ‘రయట్’: ఏకాంతమే వస్తువైన కృతి

1970లో కొత్త ఆల్బమ్ సిద్ధం కాకపోవడంతో ఎపిక్ రికార్డ్స్ సంస్థ పాత విజయాలను కూర్చి ‘గ్రేటెస్ట్ హిట్స్’ విడుదల చేసింది. 1971 నవంబరులో ‘దేర్స్ ఎ రయట్ గోయిన్ ఆన్’ వచ్చేసరికి బృందం స్వరూపం మారిపోయింది. ఎరికో నిష్క్రమించాడు. స్లై అనేక భాగాలను తానే, ఒంటరిగా, ఒకదానిపై మరొకటి పేర్చుతూ రికార్డు చేశాడు. చాలాచోట్ల డ్రమ్మర్ స్థానంలో మేస్ట్రో రిథమ్ కింగ్ అనే డ్రమ్ మెషీన్ వచ్చింది. ఒకే టేపుపై మళ్ళీ మళ్ళీ చెరిపి రికార్డు చేయడం వల్ల ధ్వని మసకబారింది.

నిర్మాణదృష్టితో చూస్తే గళవినిమయం ఇక్కడే దెబ్బతిన్నది. ఒక గొంతుకు బదులిచ్చేది చాలాసార్లు అదే గొంతు. అయినా కృతి బలహీనపడలేదు. ఎందుకంటే ఆ ఏకాంతమే ఇక్కడ వస్తువు. ‘ఫ్యామిలీ అఫైర్’ కుటుంబబంధం గురించిన పాట. స్లై లోగొంతుతో, దాదాపు మాట్లాడుతున్నట్లుగా పాడతాడు. రోజ్ పల్లవి దూరం నుంచి వినిపిస్తుంది. ఎలక్ట్రిక్ పియానో వాయించినవాడు బిల్లీ ప్రెస్టన్, గిటార్ వాయించినవాడు బాబీ వోమాక్. ఇద్దరూ బృందసభ్యులు కారు. కుటుంబం గురించిన పాటలో కుటుంబసభ్యులు తక్కువగా ఉండటం, లయను యంత్రం మోయడం, పాట వస్తువుకు ఆవల జరిగిన యాదృచ్ఛికాలుగా వినిపించవు. అవే పాట అర్థాన్ని నిర్మిస్తున్నాయి.

అదే ఆల్బమ్ చివరి పాటను చూడవచ్చు. 1969 చివర్లో విడుదలై ప్రథమస్థానం పొందిన తమ ‘థ్యాంక్ యూ’ పాటనే స్లై ఇక్కడ కొత్త పేరుతో, బాగా తగ్గిన కాలంలో, బరువుగా మళ్ళీ పాడాడు. పాత విజయాన్ని తానే విడదీసి పరీక్షిస్తున్న రచన ఇది. ఆల్బమ్ శీర్షికగీతం నిడివి పట్టికలో సున్నా నిమిషాలుగా నమోదైంది. అల్లరి జరుగుతున్నదని ప్రకటించిన పాటలో నిశ్శబ్దమే ఉంది. విమర్శకుడు గ్రీల్ మార్కస్ తన ‘మిస్టరీ ట్రెయిన్’ (1975) గ్రంథంలో ఈ కృతిని అమెరికా సమాజం ఆశాభంగానికి ప్రతిధ్వనిగా చదివాడు. ఆ పఠనంతో పాటు నిర్మాణపరమైన సమాధానాన్ని కూడా జోడించుకోవాలి. రూపం విరిగింది. ఆ విరుగుడే విషయమైంది. అందువల్ల ఔచిత్యం చెడలేదు.

5. ‘ఫ్రెష్’: సడలిన సూత్రానికి కొత్త పొందిక

గ్రాహమ్ 1972లో బృందాన్ని విడిచి గ్రాహమ్ సెంట్రల్ స్టేషన్ స్థాపించాడు. బొటనవేలితో తీగను కొట్టి, మరో వేలితో లాగి వాయించే అతడి పద్ధతి ఫంక్ బేస్‌కు వ్యాకరణమే అయింది. సభ్యత్వలెక్కన చూస్తే 1973 నాటి ‘ఫ్రెష్’ క్షీణించవలసిన ఆల్బమ్. విన్నప్పుడు ఆ మాట నిలవదు.

‘ఇన్ టైమ్’ పాటలో డ్రమ్ మెషీన్ ఒకవైపు నడుస్తుంటే కొత్త డ్రమ్మర్ ఆండీ న్యూమార్క్ దాని ఖాళీల్లోకి దూరి వాయిస్తాడు. యంత్రం పిలుపు, మనిషి బదులు. గొంతుల మధ్య సన్నగిల్లిన సంభాషణ ఇక్కడ లయలోకి వలస వచ్చింది. తాళపరిభాషలో చెప్పాలంటే సమం ఎక్కడుందో శ్రోతకు తెలుస్తూనే ఉంటుంది, కాని ఎవరూ దానిపై నేరుగా వాలరు. మైల్స్ డేవిస్ వంటి జాజ్ విద్వాంసుడు ఈ బృందం ప్రభావాన్ని బాహాటంగా అంగీకరించాడు. హెర్బీ హాంకాక్ ‘హెడ్ హంటర్స్’ (1973)లో ఒక రచనకు ‘స్లై’ అనే పేరే పెట్టాడు. సమకాలిక విద్వాంసులు పాఠం నేర్చుకుంటున్న దశను పతనదశ అనడం తర్కానికి నిలబడదు.

ఇదే ఆల్బమ్‌లోని ‘కే సెరా సెరా’ మరో ఉదాహరణ. 1956 నాటి హిచ్‌కాక్ చిత్రంలో డోరిస్ డే పాడిన ఈ పాట తెలుగువారికి పరాయిది కాదు. ‘తోడు నీడ’ (1965) చిత్రంలో భానుమతి గొంతున అది వినిపించింది. తల్లి బిడ్డకు చెప్పే తేలికపాటి జవాబుగా పుట్టిన ఆ పాటను రోజ్ స్టోన్ చర్చి గానపు నడకలో, ఆర్గాన్ నీడలో, నెమ్మదిగా పాడింది. బృందం పల్లవిలో బదులు పలుకుతుంది. రేపు ఏమవుతుందో తెలియదన్న మాట తేలికదనాన్ని పోగొట్టుకొని, ప్రార్థనకూ నిరాశకూ మధ్య నిలబడుతుంది. విడిపోతున్న కుటుంబం ఒకరినొకరు వింటూ పాడిన చివరి గొప్ప సందర్భాల్లో ఇది ఒకటి.

6. ‘స్మాల్ టాక్’: కుటుంబం అర్థం మారిన చోటు

1974 జూన్ 5న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, కచేరీ వేదికపైనే స్లై వివాహం జరిగింది. మరుసటి నెలలో ‘స్మాల్ టాక్’ విడుదలైంది. ముఖచిత్రంపై స్లై, భార్య, పసిబిడ్డ ఉన్నారు. అంతకుముందు ‘కుటుంబం’ అంటే రక్తసంబంధాన్ని, జాతిని దాటిన ఒక సమూహం. ఇప్పుడు అది ఒక ఇంటి ఛాయాచిత్రానికి కుదించుకుపోయింది. శీర్షికగీతంలో బిడ్డ చేసే శబ్దాలు వినిపిస్తాయి. పిలుపుకు బదులిచ్చే గొంతుల స్థానంలో పసిపాప సవ్వడి చేరింది.

ఇందులో కొత్త ప్రయత్నాలు లేకపోలేదు. సిడ్ పేజ్ వయొలిన్, తంత్రీవాద్యాల కూర్పు ఫంక్‌కు తెలియని మెత్తదనాన్ని తెచ్చాయి. ‘లూస్ బూటీ’లో బైబిల్ దానియేలు గ్రంథంలోని ముగ్గురు యువకుల పేర్లు లయబద్ధమైన జపంలా ఆవృత్తమవుతాయి. అగ్నిగుండంలో పడినా కాలని ముగ్గురి పేర్లను నాట్యగీతానికి ఊతంగా వాడటంలో చర్చి సంస్కారమూ, వీధి చమత్కారమూ కలిశాయి. ఈ ఆల్బమ్‌లో గళవినిమయం సజీవంగా వినిపించే చోటు ఇదే.

మిగిలిన పాటల్లో తంత్రీవాద్యాలు గానానికి బదులు పలకవు, పరుపులా కింద పరచుకుంటాయి. సంభాషణ అలంకారంగా మారింది. నిర్మాణ క్షీణతకు తొలి స్పష్టమైన ఆధారం ఇక్కడ దొరుకుతుంది. అంటే అది 1971లో మొదలు కాలేదు. ‘రయట్’కు మూడేళ్ళ తర్వాత, జీవితం పైకి చక్కబడినట్లు కనిపించిన సమయంలో మొదలైంది. జీవితచరిత్రాత్మక వివరణకు ఇది ఇబ్బందికరమైన సాక్ష్యం.

7. 1975–1976: నాయకుడు మిగిలిన పాట

1975 జనవరిలో న్యూయార్క్ రేడియో సిటీ మ్యూజిక్ హాల్‌లో జరిగిన కచేరీలకు ప్రేక్షకులు పలచగా వచ్చారు. ఆ తర్వాత మూలబృందం చెదిరిపోయింది. అదే ఏడాది వచ్చిన ‘హై ఆన్ యూ’ స్లై స్టోన్ ఒక్కడి పేరుతోనే వెలువడింది. పేరు విషయంలో ఇది నిజాయితీ గల ఆల్బమ్. కుటుంబం లేనప్పుడు కుటుంబం పేరు వాడలేదు. ‘ఐ గెట్ హై ఆన్ యూ’ వంటి పాటలో ఒంటి గొంతుకు తగిన బిగువు ఉంది. లయవిభాగపు పట్టు చెక్కుచెదరలేదు.

1976లో ఈ నిజాయితీ పోయింది. ‘హర్డ్ యా మిస్డ్ మీ, వెల్ ఐయామ్ బ్యాక్’ మళ్ళీ స్లై అండ్ ద ఫ్యామిలీ స్టోన్ పేరుతో వచ్చింది. ముఖచిత్రంపై మాత్రం స్లై ఒక్కడే, ఒంటినిండా పలు వాద్యాలు తగిలించుకొని కనిపిస్తాడు. తన మొత్తం బృందం తానే అని చెప్పే చిత్రం అది. శీర్షిక కూడా ఒక వ్యక్తి పునరాగమన ప్రకటనే. పూర్వదశ శీర్షికలు శ్రోతను ‘నిలబడు’, ‘నాట్యం చెయ్యి’ అని పిలిచేవి. ఇప్పుడు శీర్షిక తన గురించే చెప్పుకుంటున్నది.

ఇందులో గొంతులు తక్కువేమీ కాదు. వంతపాట నిండుగా ఉంది. గాలివాద్యాల కూర్పు దట్టంగా ఉంది. లోపం సంఖ్యలో కాదు, సంబంధంలో ఉంది. ఈ గొంతులు నాయకుడిని ఎదిరించవు, మలుపు తిప్పవు, అతడి చేతిలోని పాటను లాక్కోవు. అతడు చెప్పినదానినే ఒప్పుకుంటాయి. ఒకనాటి సంవాదం ఇక్కడ సమ్మతిగా మారింది. ఆ కాలంలో స్లైతో పాడిన డాన్ సిల్వా, లిన్ మాబ్రీ అనే గాయనులు జార్జ్ క్లింటన్ సమూహంలోకి వెళ్ళి, ‘బ్రైడ్స్ ఆఫ్ ఫంకెన్‌స్టైన్’ జంటగా 1978లో సొంత ఆల్బమ్ ఇచ్చారు. స్లై దగ్గర నేపథ్యంగా ఉన్న గొంతులు మరొకచోట ముందుకు వచ్చాయి. ప్రతిభ కొరవడలేదని, దానికి పాటలో చోటు కొరవడిందని చెప్పడానికి ఇది బలమైన నిదర్శనం.

అభిరుచి మారిపోవడం వల్ల ఈ ఆల్బమ్ విఫలమైందన్న వాదన కూడా నిలవదు. పార్లమెంట్ ‘మదర్‌షిప్ కనెక్షన్’ (1975), ఎర్త్, విండ్ అండ్ ఫైర్ ‘దట్స్ ద వే ఆఫ్ ద వరల్డ్’ (1975), స్టీవీ వండర్ ‘సాంగ్స్ ఇన్ ద కీ ఆఫ్ లైఫ్’ (1976) వెలువడిన కాలమిది. ఫంక్, సోల్ సంగీతాలు విస్తరిస్తున్నాయి. వాటిలో అనేకం ఫ్యామిలీ స్టోన్ వేసిన బాటలోనే నడుస్తున్నాయి. బహుగళ నిర్మాణాన్ని ముఖ్యంగా క్లింటన్, మారిస్ వైట్ బృందాలు అందిపుచ్చుకొని పెంచాయి. గురువు విడిచిన సూత్రాన్ని శిష్యులు నిలబెట్టారు.

8. 1979–1982: తనను తాను అనుకరించిన దశ

1979లో రెండు విడుదలలు ఎదురెదురుగా వచ్చాయి. ఎపిక్ సంస్థ పాత రికార్డింగులకు డిస్కో లయను జోడించి ‘టెన్ ఇయర్స్ టూ సూన్’ పేరుతో అమ్మకానికి పెట్టింది. గొంతుల మధ్య సహజంగా ఏర్పడిన విరామాలను సమానమైన దెబ్బలతో నింపివేయడం దీనిలో జరిగిన పని. పాత పాట ఎందుకు పని చేసిందో తెలియనివారు దానిని ఆధునికం చేస్తే ఏమవుతుందో ఈ ఆల్బమ్ చూపుతుంది.

అదే ఏడాది వార్నర్ బ్రదర్స్ ద్వారా ‘బ్యాక్ ఆన్ ద రైట్ ట్రాక్’ వచ్చింది. దీని నిర్మాత మార్క్ డేవిస్. బృందం ఆల్బమ్‌కు స్లై కాక మరొకరు నిర్మాత కావడం గమనించదగిన మార్పు. మొత్తం నిడివి అరగంట కూడా లేదు. పాత సభ్యులు కొందరు తిరిగి పాల్గొన్నారు. ‘రిమెంబర్ హూ యూ ఆర్’ వినదగిన పాట. ఒకరికొకరు అందుకునే పాత పద్ధతి అందులో ఛాయగా కనిపిస్తుంది. అయినప్పటికీ ఆల్బమ్ అంతటా పూర్వరూపాన్ని గుర్తుచేసే ప్రయత్నమే కనిపిస్తుంది, ఆ రూపాన్ని అవసరం చేసిన వస్తువు కనిపించదు. ‘సరైన దారిలోకి తిరిగి’ అనే అర్థమిచ్చే శీర్షికే తన గమ్యం గతమని చెబుతున్నది.

1982 నాటి ‘ఎయింట్ బట్ ద వన్ వే’ చరిత్ర మరింత విషాదకరం. మొదట ఇది జార్జ్ క్లింటన్‌తో కలిసి చేయవలసిన రచన. అంతకుముందు ఫంకడెలిక్ ఆల్బమ్ ‘ది ఎలక్ట్రిక్ స్పాంకింగ్ ఆఫ్ వార్ బేబీస్’ (1981)లో స్లై పాల్గొన్నాడు. క్లింటన్ బృందం వార్నర్ సంస్థకు దూరమయ్యాక ఈ పని మధ్యలో ఆగింది. స్లై కూడా తప్పుకోవడంతో, నిర్మాత స్టూవర్ట్ లెవీన్ దొరికిన రికార్డింగులతో ఆల్బమ్‌ను పూర్తి చేశాడు. సంభాషణనే జీవసూత్రంగా ఎంచుకున్న బృందం చివరి ఆల్బమ్ ఇద్దరి మధ్య మొదలై, ఇద్దరూ లేకుండా ముగిసింది. దీనిని స్లై పతనానికి సాక్ష్యంగా చూపేముందు, అది ఎంతవరకు అతడి రచన అనే కర్తృత్వప్రశ్నను తేల్చుకోవాలి.

9. ముక్కలుగా మిగిలిన విలువ

మలిదశ ఆల్బమ్‌లు కృతులుగా తడబడినా, ముక్కలుగా మరో తరానికి ఉపయోగపడ్డాయి. బీస్టీ బాయ్స్ 1989లో ‘లూస్ బూటీ’లోని జపాన్ని ఆధారం చేసుకొని ‘షాడ్రాక్’ నిర్మించారు. 1992లో ‘స్మాల్ టాక్’లోని ‘టైమ్ ఫర్ లివిన్’ పాటను తమ పద్ధతిలో మళ్ళీ పాడారు. డి లా సోల్ బృందం ‘సే నో గో’ (1989)లో ‘హై ఆన్ యూ’ ఆల్బమ్‌కు చెందిన ‘క్రాస్‌వర్డ్ పజిల్’ నుంచి శకలాన్ని తీసుకున్నది.

హిప్‌హాప్ కళాకారులు ఎంచుకున్న చోట్లను గమనిస్తే ఒక విషయం తేటపడుతుంది. ‘లూస్ బూటీ’ శకలం పాట కేంద్రంలో నిలిచే గానభాగం కాదు. అది గొంతులు లయగా మారిన చోటు. ముగ్గురు ర్యాపర్లు పాదాలను పంచుకొని, ఒకరి మాటను మరొకరు అందుకుంటూ దానిపై పాడారు. అంటే 1974లో సన్నగిల్లుతున్న గళవినిమయాన్ని 1989లో మరో బృందం అదే పాట మీద నిలబడి తిరిగి నెలకొల్పింది. మలిదశపై ఇంతకంటే సూక్ష్మమైన విమర్శను మాటల్లో ఎవరూ రాయలేదు. ఆ కళాకారులు వదిలినది ఏమిటో, ఉంచుకున్నది ఏమిటో చూస్తే చాలు.

10. ముగింపు

పై పరిశీలన నుంచి కింది అంశాలను గుర్తించవచ్చు.

1. ఫ్యామిలీ స్టోన్ మలిదశలో విపణి క్షీణత, సభ్యత్వ క్షీణత, నిర్మాణ క్షీణత వేర్వేరు కాలాల్లో మొదలయ్యాయి. వాటిని ఒకే పతనంగా వర్ణించడం సరికాదు.

2. గళవినిమయం లోపించడమే బలహీనతకు చాలిన కారణం కాదు. ‘రయట్’లో అది లోపించినా ఏకాంతం వస్తువు కావడం వల్ల రూపానికీ అర్థానికీ పొందిక కుదిరింది. ‘ఫ్రెష్’లో ఆ సంభాషణ గొంతుల నుంచి లయకు మారి నిలిచింది.

3. నిర్మాణ క్షీణత ‘స్మాల్ టాక్’లో మొదలై, 1976 ఆల్బమ్‌లో స్థిరపడింది. పాట ఏకాంతంలో తయారవుతూ కుటుంబాన్ని ప్రకటించినప్పుడు, ఆ రెండింటి మధ్య ఎడం వినిపించింది.

4. 1975 నాటి ‘హై ఆన్ యూ’ వ్యక్తి పేరుతో వచ్చిన వ్యక్తిరచన. దానిని తర్వాతి ఆల్బమ్‌లతో కలిపి కొట్టిపారేయడం అన్యాయం. 1982 నాటి ఆల్బమ్‌ను కర్తృత్వప్రశ్న తేలకుండా తూకం వేయడమూ అంతే.

వ్యసనాన్ని కారణంగా చెప్పే విమర్శ కళాకారుడిపై జాలి చూపుతున్నట్లు కనిపిస్తుంది. నిజానికి అది అతడి నుంచి రచయిత అనే హోదాను తీసేసి, రోగి అనే హోదాను ఇస్తుంది. బలహీనమైన పాటను బలహీనమైన పాటగా, కారణసహితంగా చూపడంలోనే ఎక్కువ గౌరవం ఉంది. అలా చూపినప్పుడే అదే దశలోని బలమైన పాటలకు కూడా వినికిడి దక్కుతుంది. ‘ఇన్ టైమ్’, ‘లూస్ బూటీ’, ‘రిమెంబర్ హూ యూ ఆర్’ పాటలు ఇంకా ఆ వినికిడి కోసం వేచి ఉన్నాయి.